గుండెపోటు, గుండెలో క్లాట్, ఆపై పక్షవాతం: ఏ దశలో ఏం చేయాలి

గుండెపోటు వచ్చి స్టెంట్ పడినవాళ్లకు రక్తం గడ్డకట్టకుండా మందులు ఇవ్వాల్సిందే. గుండె లోపల క్లాట్ (గడ్డకట్టిన రక్తం) కూడా ఉంటే ఇంకాస్త బలమైన మందు కావాలి. అదే మనిషికి పక్షవాతం వస్తే మాత్రం ఆ మందులే మెదడులో రక్తస్రావం తెచ్చిపెట్టే ప్రమాదం ఉంది. మందు ఆపితే గుండెలో మిగిలిన క్లాట్ నుంచి మరో ముక్క మెదడుకు వెళ్లొచ్చు. స్టెంట్ కూడా మూసుకుపోవచ్చు. డాక్టర్లకే తలనొప్పి తెప్పించే పరిస్థితి ఇది.

ఇందులో ఇంట్లోవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. లక్షణాలు మొదలైన టైమ్ సరిగ్గా చెప్పడం, ఏ మందు ఎప్పుడు వేశారో చెప్పడం, సొంతంగా ఏ మందూ ఆపకుండా, మొదలుపెట్టకుండా ఉండడం. ఈ మూడూ చేస్తే డాక్టర్ల పని సగం తేలికవుతుంది. కింద చెప్పేవి చదివి మోతాదులు మీరే మార్చుకోవద్దు. ఏం జరుగుతుందో, ఎక్కడ ఏం అడగాలో తెలియడానికే ఇదంతా.

ముందు: క్లాట్ ఎందుకు కడుతుందో తెలుసుకోండి

గుండె ముందుభాగానికి రక్తం తీసుకెళ్లే రక్తనాళాన్ని ఎల్‌ఏడీ అంటారు. అది మూసుకుపోయి పెద్ద గుండెపోటు వస్తే ఎడమ జఠరిక (రక్తాన్ని ఒళ్లంతటికీ పంపే గుండె గది) కింది కొన దెబ్బతింటుంది. ఆ కొన సరిగ్గా ముడుచుకోదు. అక్కడ రక్తం కదలకుండా నిలిచిపోతుంది. దెబ్బతిన్న లోపలి పొర గరుకుగా మారుతుంది. గుండెపోటు తర్వాత కొన్ని రోజులపాటు రక్తానికి గడ్డకట్టే గుణం కూడా పెరుగుతుంది. రక్తం నిలవడం, గోడ దెబ్బతినడం, గడ్డకట్టే గుణం పెరగడం అనే ఈ మూడు కారణాలను 19వ శతాబ్దపు జర్మన్ వైద్యుడు రుడాల్ఫ్ విర్కో పేరుతో ఇప్పటికీ వైద్య విద్యార్థులకు చెబుతారు. పెద్ద గుండెపోటులో ఈ మూడూ ఒకే చోట కలుస్తాయి.

ఎక్కువ క్లాట్లు మొదటి రెండు వారాల్లోనే కడతాయి. ఎడమ జఠరిక నుంచి రక్తం ఒళ్లంతటికీ వెళ్తుంది కాబట్టి అక్కడ ఊడిన ముక్క ఎక్కడికైనా పోవచ్చు. మెదడుకు వెళ్తే పక్షవాతం. కాలికి వెళ్తే కాలు ఒక్కసారిగా చల్లబడి, పాలిపోయి, భరించలేని నొప్పి వస్తుంది. పేగులకు వెళ్తే తట్టుకోలేని కడుపునొప్పి. ఇవన్నీ ఎమర్జెన్సీలే. "గుండె పేషెంటుకు కాలునొప్పి ఏముందిలే" అని తెల్లారేదాకా ఆగకండి.

మొదటి పని: ఎకో రిపోర్ట్ చదవండి

గుండెపోటు తర్వాత తీసిన ఎకో (గుండె స్కానింగ్) రిపోర్టులో రెండు విషయాలు చూడండి. ఒకటి ఈఎఫ్, అంటే మనం "పంపింగ్" అనే శాతం. 55 దాటితే సాధారణం. 40 కంటే తగ్గితే, అందులోనూ ముందుభాగం దెబ్బతిని ఉంటే, క్లాట్ భయం ఎక్కువ. రెండోది ఎల్‌వీ ఎపెక్స్, అంటే ఎడమ జఠరిక కింది కొన, ఎలా ఉందని రాశారో. "అకైనెటిక్" అంటే కదలడం లేదు. "డిస్కైనెటిక్" అంటే ముడుచుకోవాల్సిన సమయంలో బయటికి ఉబ్బుతోంది. "అన్యూరిజమ్" అంటే ఆ భాగం పలచబడి సంచిలా సాగింది.

ఉదాహరణకు రిపోర్టులో ఇలా ఉందనుకుందాం: "ఎల్‌వీ ఎపెక్స్ అకైనెటిక్, ఈఎఫ్ 35%, థ్రాంబస్ 15 x 10 మి.మీ., మొబైల్". థ్రాంబస్ అంటే క్లాట్. ఇందులో అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరిది. క్లాట్ గోడకు అతుక్కుని పల్చగా ఉంటే "మ్యూరల్" అని రాస్తారు. గది లోపలికి పొడుచుకొచ్చి ఊగుతుంటే "మొబైల్" అంటారు. ఊగే క్లాట్ నుంచి ముక్క ఊడే అవకాశం ఎక్కువ.

"క్లాట్ లేదు" అని రాసి ఉన్నా ఒక ప్రశ్న అడగండి: "కొన స్పష్టంగా కనిపించిందా?" మామూలు ఎకోలో కొన సరిగ్గా కనపడక చిన్న క్లాట్లు తప్పిపోతుంటాయి. అనుమానం ఉంటే కాంట్రాస్ట్ మందు ఇచ్చి ఎకో మళ్లీ తీస్తారు, లేదంటే గుండెకు ఎంఆర్‌ఐ చేస్తారు. క్లాట్‌ని పట్టుకోవడంలో ఎంఆర్‌ఐని మించింది లేదు. కారణం ఏమిటో తెలియని పక్షవాతం వచ్చిన మనిషికి ఇటీవలే గుండెపోటు వచ్చి ఉంటే, ఈ ప్రశ్న అడగడం మరీ అవసరం.

రెండో పని: ఒక కాగితం రాసి పెట్టుకోండి

ఇది చాలా చిన్న పని. నా ఉద్దేశంలో మాత్రం ఇంట్లోవాళ్లు చేసే పనుల్లో ఇంతకన్నా విలువైంది లేదు. గుండెపోటు తర్వాత డిశ్చార్జ్ అయిన రోజే ఒక కాగితం మీద ఇవి రాయండి: గుండెపోటు వచ్చిన తేదీ, స్టెంట్ వేసిన తేదీ, ఎన్ని స్టెంట్లు, ఎకోలో పంపింగ్ ఎంత, క్లాట్ ఉందా లేదా, వాడుతున్న ప్రతి మందు పేరు, మోతాదు, రోజూ వేసుకునే టైమ్, పడని మందులు, కిడ్నీ పరీక్షలో క్రియాటినిన్ ఎంత, బరువు ఎన్ని కిలోలు.

బరువెందుకంటే, పక్షవాతంలో క్లాట్ కరిగించే ఇంజెక్షన్ మోతాదు కిలోల లెక్కనే ఇస్తారు. మందు టైమ్ ఇంకా ముఖ్యం. "రక్తం పలచబడే మందు వాడుతున్నారు" అని చెబితే డాక్టరుకు సరిపోదు. "నిన్న రాత్రి 9 గంటలకు ఎపిక్సబాన్ వేసుకున్నారు, ఈ పొద్దున వేసుకోలేదు" అంటే సరిపోతుంది. కరిగించే ఇంజెక్షన్ ఇవ్వొచ్చో లేదో ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడొచ్చు.

కాగితాన్ని ఫోటో తీసి ఇంట్లో అందరి ఫోన్లలో పెట్టండి. మందు మారిన ప్రతిసారీ పాతది కొట్టేసి కొత్త తేదీ వేయండి.

మూడో పని: పక్షవాతం లక్షణం కనబడిన నిమిషం

మూతి ఒక పక్కకు వంగడం, ఒక చెయ్యి గానీ కాలు గానీ పడిపోవడం, మాట ముద్దగా రావడం లేదా అసలు రాకపోవడం, చూపు సగం పోవడం, ఉన్నట్టుండి తూలిపోవడం. వీటిలో ఏ ఒక్కటి కనబడినా చాలు. రెండోది వచ్చేదాకా చూడకండి. నవ్వమనండి, రెండు చేతులూ ఎత్తి పట్టుకోమనండి, ఒక చిన్న వాక్యం చెప్పమనండి. అర నిమిషంలో తేలిపోతుంది.

వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్ ఉండి, స్ట్రోక్‌కి చికిత్స చేసే ఆసుపత్రికే తీసుకెళ్లమని చెప్పండి. దగ్గర్లోని చిన్న క్లినిక్‌కి వెళ్లి సెలైన్ పెట్టించుకుంటే విలువైన గంట పోతుంది.

టైమ్ రాసుకోండి. లక్షణం మీరు చూసిన టైమ్ కాదు, మనిషి చివరిసారి బాగా ఉన్న టైమ్. రాత్రి 10 గంటలకు మామూలుగా పడుకుని పొద్దున 6 గంటలకు చెయ్యి పడిపోయి లేస్తే, డాక్టరుకు చెప్పాల్సింది "రాత్రి 10 గంటలకు బాగున్నారు" అని.

నోట్లో ఏమీ వేయకండి. నీళ్లు కూడా వద్దు, మింగుడు దెబ్బతిని ఉంటే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. బీపీ ఎక్కువగా ఉందని ఇంట్లో బీపీ మాత్ర వేయకండి. పక్షవాతంలో మొదట బీపీ పెరగడం మామూలే. ఒక్కసారిగా దించితే మెదడుకు అందే ఆ కాస్త రక్తం కూడా తగ్గిపోతుంది. షుగర్ మిషన్ చేతిలో ఉంటే మాత్రం ఒకసారి చూడండి. షుగర్ బాగా పడిపోయినా అచ్చం పక్షవాతంలాగే కనిపిస్తుంది.

ఆస్పిరిన్ విషయంలో చాలామంది పొరబడతారు. ఛాతీ నొప్పి మాత్రమే ఉండి గుండెపోటు అనుమానం ఉంటే, అలర్జీ గానీ రక్తస్రావం గానీ లేనివాళ్లకు 300 మి.గ్రా. ఆస్పిరిన్ నమిలించడం సరైన పనే. పక్షవాతం లక్షణం తోడైతే ఆ సూత్రం వర్తించదు. మెదడులో జరిగింది రక్తనాళం మూసుకుపోవడమా, చిట్లడమా అన్నది బయటినుంచి చూసి ఎవరూ చెప్పలేరు. సీటీ తీశాకే తెలుస్తుంది. చిట్లి ఉంటే ఆస్పిరిన్ రక్తస్రావాన్ని పెంచుతుంది. కాబట్టి రెండు లక్షణాలూ కలిసి ఉంటే ఇంట్లో ఆస్పిరిన్ వద్దు.

పది నిమిషాల్లో చెయ్యి మళ్లీ లేచింది, మాట తిరిగి వచ్చింది అనుకోండి. అయినా వెళ్లాలి. గుండెలో క్లాట్ ఉన్న మనిషికి అది పెద్ద స్ట్రోక్‌కి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు.

గుండెపోటుతో ఆసుపత్రిలో ఉన్నప్పుడే పక్షవాతం వచ్చేవాళ్లూ ఉన్నారు. మంచం పక్కన ఉన్నది మీరే కాబట్టి ముందు చూసేదీ మీరే. రౌండ్స్ దాకా ఆగొద్దు. నర్సును పిలిచి "నీరసంగా ఉన్నారు" అనకుండా "ఇప్పుడే మూతి వంకర పోయింది, స్ట్రోక్ అనుకుంటున్నాం, అరగంట కింద బాగానే ఉన్నారు" అని చెప్పండి.

నాలుగో పని: ఎమర్జెన్సీలో ఏం చేస్తారో, ఏం అడగాలో తెలిసి ఉండండి

మొదట తల సీటీ. రక్తస్రావం లేదని తేలాక రెండు దారులుంటాయి. ఒకటి, క్లాట్ కరిగించే ఇంజెక్షన్ (ఆల్టెప్లేస్ లేదా టెనెక్టెప్లేస్). సాధారణంగా దీన్ని 4.5 గంటల్లోపు ఇవ్వాలి. ఎంత ముందు ఇస్తే అంత మేలు. రెండోది, మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోతే గజ్జ దగ్గర్నుంచో మణికట్టు దగ్గర్నుంచో సన్నని గొట్టం పంపి క్లాట్‌ని బయటికి లాగేయడం. దీన్ని థ్రాంబెక్టమీ అంటారు. 6 గంటల్లోపు చేస్తారు. 2018లో వచ్చిన డాన్, డిఫ్యూజ్ 3 అధ్యయనాల తర్వాత, స్కానింగ్‌లో కాపాడదగ్గ మెదడు ఇంకా మిగిలి ఉందని తేలినవాళ్లకు ఈ గడువు పెరిగింది. కొందరిలో 24 గంటల వరకూ చేస్తున్నారు.

గుండె పేషెంటుకు ఈ తేడా చాలా ముఖ్యం. పూర్తి మోతాదులో హెపారిన్ అనే రక్తం పలచబడే ఇంజెక్షన్ గానీ, ఎపిక్సబాన్ లాంటి మాత్రలు గానీ నడుస్తుంటే కరిగించే ఇంజెక్షన్ ఇవ్వడం కుదరకపోవచ్చు. వార్ఫరిన్ మాత్ర వాడేవాళ్లలో ఐఎన్‌ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత ఆలస్యమవుతోందో చెప్పే పరీక్ష అంకె) 1.7 దాటినా అంతే. థ్రాంబెక్టమీకి మాత్రం ఇవి పెద్దగా అడ్డు కావు. అందుకని "ఇంజెక్షన్ ఇవ్వలేం" అని చెబితే అక్కడితో ఆగిపోకండి. "పెద్ద నాళం మూసుకుపోయిందా? థ్రాంబెక్టమీకి అవకాశం ఉందా? ఇక్కడ చేయకపోతే ఎక్కడికి పంపుతారు?" అని వెంటనే అడగండి.

ఇంజెక్షన్ ఇస్తే బీపీని 24 గంటలపాటు 180/105 లోపు ఉంచుతారు. ఇవ్వకపోతే 220/120 దాటేదాకా చాలామందిలో బీపీని వదిలేస్తారు. గుండె పరిస్థితి బాగోకపోతే ఈ అంకెలు మారతాయి. బీపీ 190 ఉన్నా మందు ఇవ్వట్లేదని డ్యూటీ డాక్టరుతో గొడవ పడే ముందు ఈ సంగతి గుర్తుంచుకోండి.

ఇంజెక్షన్ తర్వాత 24 గంటలు, మళ్లీ సీటీ తీసేదాకా, ఆస్పిరిన్‌తో సహా రక్తం పలచబడే మందులు సాధారణంగా ఇవ్వరు. స్టెంట్ పడి నాలుగు రోజులే అయితే గుండె డాక్టరుకు ఇది ప్రాణసంకటం. ఇద్దరు డాక్టర్లూ కలిసి మాట్లాడుకున్నారా అని అడగడానికి మొహమాటపడకండి.

ఐదో పని: రక్తం పలచబడే మందు మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలి

అసలు కష్టం ఇక్కడే ఉంది. రక్తం అందక దెబ్బతిన్న మెదడు భాగం కొన్నాళ్లు చాలా బలహీనంగా ఉంటుంది. త్వరగా మందు మొదలుపెడితే అక్కడే రక్తం కారొచ్చు. ఆలస్యం చేస్తే గుండెలోని క్లాట్ ఇంకో ముక్క పంపొచ్చు.

చాలాకాలం 1-3-6-12 అనే లెక్క నడిచింది. లక్షణాలు పూర్తిగా తగ్గిపోయిన స్వల్ప స్ట్రోక్‌కి 1 రోజు, చిన్నదానికి 3, మధ్యస్థానికి 6, పెద్దదానికి 12 రోజులు ఆగడం. 2023లో వచ్చిన ఎలాన్ అధ్యయనంలో చిన్న, మధ్యస్థ స్ట్రోక్‌లకు 48 గంటల్లోపు, పెద్దవాటికి 6, 7 రోజులకు మొదలుపెట్టి చూశారు. అలా ముందుగా ఇచ్చినందువల్ల ప్రమాదం పెరిగినట్టు కనిపించలేదు. అయితే అది గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవాళ్ల మీద చేసింది. గుండెపోటు తర్వాత జఠరికలో క్లాట్ ఉన్నవాళ్లకు దాన్ని యథాతథంగా అతికించలేం. అందుకే ఈ నిర్ణయం మనిషిని బట్టి మారుతుంది.

మీరు అడగాల్సిన ప్రశ్నలు ఇవి. మెదడులో దెబ్బ ఎంత పెద్దది? రెండో సీటీలో రక్తం కనిపించిందా? గుండెలో క్లాట్ ఇంకా ఉందా, ఊగుతోందా? ఏ తేదీన మందు మొదలవుతుంది? ఆ తేదీని కేస్ షీట్‌లోనూ డిశ్చార్జ్ సమ్మరీలోనూ రాయించండి. "న్యూరో వాళ్లు చెప్తారు", "కార్డియో వాళ్లు చెప్తారు" అని ఇద్దరూ ఒకరి మీద ఒకరు వదిలేస్తే ఆ మందు ఎవరూ రాయకుండానే పేషెంటు ఇంటికి వచ్చేస్తాడు. అలా జరగనివ్వకండి.

ఆరో పని: మందుల చీటీలో ఎన్ని పలచబడే మందులున్నాయో లెక్కపెట్టండి

స్టెంట్ కోసం రెండు (ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటిది), క్లాట్ కోసం ఒకటి, మొత్తం మూడు. మూడూ కలిసి నడిస్తే రక్తస్రావం బాగా పెరుగుతుంది. అందుకే మూడింటినీ వీలైనంత తక్కువ రోజులు, తరచు వారం రోజులు, క్లాట్ భయం ఎక్కువున్న కొందరిలో నెల వరకు వాడి, తర్వాత ఆస్పిరిన్ ఆపి రెండింటితో నడిపిస్తారు. ఆస్పిరిన్ ఏ తేదీన ఆపాలో అడిగి రాసుకోండి. తేదీ రాయకపోతే మూడు మాత్రలూ నెలల తరబడి నడుస్తూనే ఉంటాయి.

ప్రాసుగ్రెల్ అనే మందు చీటీలో ఉందేమో ప్రత్యేకంగా చూడండి. గుండెపోటుకు మంచి మందే. కానీ పక్షవాతం వచ్చినవాళ్లకు, వచ్చి తగ్గిపోయినవాళ్లకు కూడా, అది వాడకూడదు. గుండెపోటు రోజున మొదలైన మాత్ర పక్షవాతం తర్వాత కూడా అలాగే కొనసాగుతుంటే వెంటనే డాక్టరుకు చూపించండి. మెదడులో రక్తస్రావం జరిగినవాళ్లకు టికాగ్రెలార్ కూడా పనికిరాదు.

కడుపులో పుండ్లు పడి రక్తం కారకుండా గ్యాస్ మాత్ర కూడా రాస్తారు. క్లోపిడోగ్రెల్ వాడేవాళ్లకు ఒమెప్రజోల్, ఎసొమెప్రజోల్ కంటే పాంటోప్రజోల్ నయం. మొదటి రెండూ క్లోపిడోగ్రెల్ పనిని తగ్గిస్తాయి.

ఏడో పని: ఇంట్లో మందు వాడటం

క్లాట్‌కి ఏళ్ల తరబడి వాడుతున్నది వార్ఫరిన్. ఐఎన్‌ఆర్ 2 నుంచి 3 మధ్య ఉండాలి. 1.4 ఉంటే మాత్ర వేసుకుంటున్నా రక్షణ చాలదు. 4 దాటితే రక్తస్రావం భయం, ఆ రోజే డాక్టరుకు ఫోన్ చేయాలి. మొదట్లో వారానికి ఒకటి రెండుసార్లు పరీక్ష తప్పదు. ఆకుకూరలు మానేయక్కర్లేదు, ఒక వారం అసలు తినకుండా ఇంకో వారం రోజూ తినడమే ఐఎన్‌ఆర్‌ని తారుమారు చేస్తుంది. మెట్రోనిడజోల్, ఫ్లూకొనజోల్, కోట్రైమాక్సజోల్ లాంటి మందులు ఐఎన్‌ఆర్‌ని బాగా పెంచుతాయి. వేరే జబ్బుకు ఏ మందు రాసినా వార్ఫరిన్ వాడుతున్నట్టు చెప్పండి.

ఐఎన్‌ఆర్ కుదరనివాళ్లకు, లేదా మొదటినుంచే, ఎపిక్సబాన్, రివరాక్సబాన్ లాంటి కొత్త మందులు ఇవ్వడం ఇప్పుడు మామూలైంది. 2022లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా వీటిని వార్ఫరిన్‌కు తగిన ప్రత్యామ్నాయంగా పేర్కొంది. పరీక్షల బాధ లేదు, కానీ ఒక్క పూట మర్చిపోయినా రక్షణ త్వరగా తగ్గుతుంది. 15 లేదా 20 మి.గ్రా. రివరాక్సబాన్ భోజనంతోనే వేసుకోవాలి, ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదు.

ఏ మందైనా, ఒక పూట మర్చిపోయామని తర్వాతి పూట రెండు వేయకండి. ఒళ్లునొప్పులకు ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ జోలికి పోవద్దు. పారాసిటమాల్ తక్కువ మోతాదులో చాలు. పన్ను పీకించుకోవాల్సి వచ్చినా మందు సొంతంగా ఆపకండి.

విరేచనం తారులా నల్లగా రావడం, మూత్రంలో రక్తం, ముక్కు నుంచి ఆగని రక్తం, ఎన్నడూ లేనంత తలనొప్పి, పడిపోయి తలకు దెబ్బ తగలడం: వీటికి ఫోన్ సలహాతో సరిపెట్టకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. తలకు దెబ్బ తగిలినప్పుడు పైకి గాయం కనబడకపోయినా సరే.

ఎనిమిదో పని: మంచం దగ్గర

మింగే పరీక్ష చేసి "పెట్టొచ్చు" అనేదాకా నోటితో ఏమీ పెట్టకండి. తర్వాత కూడా కూర్చోబెట్టి, గడ్డం కాస్త కిందికి వంచి, చిన్న స్పూనుతో, ఒక ముద్ద మింగాకే ఇంకోటి. తినిపించాక అరగంట పడుకోబెట్టవద్దు.

పడిపోయిన చేతిని పట్టుకుని లేపకండి. కండరాల పట్టు లేకపోవడంతో భుజం కీలు జారిపోతుంది. ఆ నొప్పి నెలల తరబడి వేధిస్తుంది. వీపు వెనక, నడుము దగ్గర పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు చెయ్యి వేలాడకుండా ఒడిలోనో బల్ల మీదో దిండు వేసి ఆనించండి. వ్యాయామం త్వరగా మొదలవ్వాలి. కానీ మొదటి 24 గంటల్లోనే బలవంతంగా ఎక్కువసేపు నడిపించడం మంచిది కాదని 2015 నాటి అవర్ట్ అధ్యయనం చూపించింది.

రోజూ పొద్దున బరువు చూడండి. రెండు మూడు రోజుల్లో 2 కిలోలు పెరిగినా, పడుకుంటే ఆయాసం వచ్చినా గుండె సరిగ్గా పనిచేయక ఒంట్లో నీరు చేరుతోందని అర్థం. ఏడుపు, మౌనం, ఫిజియోథెరపీకి రానని మొండికేయడం కనిపిస్తే దాన్ని పొగరనుకోకండి. పక్షవాతం తర్వాత డిప్రెషన్ చాలా మామూలు, దానికి మందు ఉంది, డాక్టరుతో చెప్పండి.

తొమ్మిదో పని: మూడు నెలలకు మళ్లీ ఎకో

క్లాట్‌కి మందు సాధారణంగా 3 నెలలు వాడి స్కానింగ్ మళ్లీ చేస్తారు. మొదటిసారి ఏ పరీక్షలో క్లాట్ కనబడిందో వీలైతే అదే పరీక్ష చేయించండి, పోల్చి చూడటం తేలిక. క్లాట్ పోయి, కొన మళ్లీ కదులుతుంటే మందు ఆపడం గురించి ఆలోచిస్తారు. క్లాట్ పోయినా కొన కదలకుండా ఉబ్బి ఉంటే, లేదా క్లాట్ ఇంకా ఉంటే, మందు కొనసాగించాల్సి రావొచ్చు. పక్షవాతం ఒకసారి వచ్చిన మనిషి విషయంలో ఆపే ముందు ఇంకాస్త జాగ్రత్త పడటం సబబే. ఆపమంటే ఏ ఒక్కటి ఆపాలో స్పష్టంగా అడగండి. క్లాట్ మందు ఆపమన్నారని స్టెంట్ మందు కూడా ఆపేసేవాళ్లు ఉన్నారు. దానివల్ల స్టెంట్ మూసుకుపోయి మళ్లీ గుండెపోటు రావొచ్చు. క్లాట్ మందు ఆగిన రోజు నుంచి స్టెంట్‌కి ఏ మాత్ర, ఎన్నాళ్లు అన్నది కొత్తగా రాయించుకోవాలి.

ఆ ఎకోలోనే పంపింగ్ కూడా చూడండి. గుండెపోటు వచ్చి కనీసం 40 రోజులు గడిచి, పంపింగ్ పెంచే మందులు 3 నెలలు సరిగ్గా వాడాక కూడా అది 35% లేదా అంతకంటే తక్కువే ఉంటే, ప్రాణాంతకమైన లయ తప్పుల నుంచి కాపాడే ఐసీడీ అనే పరికరం గురించి డాక్టరు మాట్లాడతారు. మాట్లాడకపోతే మీరే అడగండి.